మండితేనే మందా?

"మండుతోందా? అయితే పనిచేస్తోందన్నమాట!"

ఈ మాట మనం చిన్నప్పట్నుంచీ వింటున్నదే. ఆటల్లో మోకాలు దోక్కుపోతే టించరు రాసేవాళ్లు. కెవ్వుమంటే "మంట పుడితేనే మానుతుంది, ఊరుకో" అనేవాళ్లు. జలుబు చేస్తే గొంతు మండిపోయే మిరియాల కషాయం. చేదుగా ఉంటేనే మందు, ఘాటుగా ఉంటేనే గుణం. పెద్దయ్యాక పార్లర్లో బ్లీచ్ వేసి "కొంచెం చురచురలాడుతుంది మేడమ్, ఓర్చుకోండి" అంటే కళ్లు మూసుకుని ఓర్చుకున్నాం. ఓర్చుకోవడం మనకేమైనా కొత్తా?

ఇప్పుడు ఆ నమ్మకమే సీరం సీసాల్లోకి వచ్చి కూచుంది. రెటినాల్, గ్లైకోలిక్ యాసిడ్, సాలిసిలిక్ యాసిడ్, విటమిన్ సి. పదేళ్ల కిందట స్కిన్ డాక్టరు చీటీ మీద తప్ప కనపడని పేర్లు ఈరోజు డిగ్రీ చదివే పిల్లల నోళ్లలో నానుతున్నాయి. అందులో తప్పేం లేదు. "పాలమీగడలాంటి మేనిఛాయ" అని కబుర్లు చెప్పి అమ్మిన పాత క్రీముల కంటే, లోపల ఏముందో ఎంతుందో సీసా మీదే రాసి అమ్ముతున్న ఇవే నయమంటాను నేను. నా పేచీ వాటితో కాదు, మంటని మెచ్చుకునే మన అలవాటుతో. మనలాంటి చామనఛాయ వాళ్లకీ, నల్లటి వాళ్లకీ మంట అన్నది మందు పనిచేస్తున్న గుర్తు కాదు. రాబోయే మచ్చకి అడ్వాన్సు.

ఎందుకో చెప్పాలంటే వంటింట్లోకి వెళితే చాలు. గారెలు వేస్తుంటే చేతి మీద నూనె చిట్లుతుంది. బొబ్బ రెండ్రోజుల్లో తగ్గిపోతుంది, పొక్కు ఊడిపోతుంది. కానీ దాని నల్లమచ్చ? సంక్రాంతికి పడింది ఉగాదికీ ఉంటుంది, ఒక్కోసారి శ్రావణమాసం దాకా కూడా. దోమ కుట్టినా అంతే, మొటిమ గిల్లినా అంతే. మన చర్మంలో రంగునిచ్చే కణాలు చాలా జాగ్రత్తగా ఉంటాయి. ఏ కొంచెం గాయమైనా, వాపైనా, రాపిడైనా, "అమ్మో, ఏదో అయింది" అని అక్కడ మెలనిన్ అదనంగా పోసేస్తాయి. తెల్లటి చర్మం వాళ్లకి యాసిడ్ ఎక్కువైతే ఎర్రబడుతుంది, నాలుగు రోజులకి తగ్గుతుంది. మనకి ఆ ఎరుపు సరిగ్గా కనపడదు కూడా, తిన్నగా నలుపే కనపడుతుంది. అది పోవడానికి నెలలు పడుతుంది. విదేశీ వీడియోల్లో "కాస్త పొట్టు రేగితే పర్లేదు, కొనసాగించండి" అని చెప్పేవాళ్లకీ మనకీ ఉన్న తేడా ఇదే. వాళ్లకి పర్లేకపోవచ్చు. మనకి పర్లేదు అనడానికి లేదు.

ఇక్కడ ఒక్క మాట, తెలుగు చదువుకున్నదాన్ని కాబట్టి ఊరుకోలేక చెబుతున్నాను. యాక్టివ్ అంటే చురుకైనది. మన భాషలో ఆ చురుకు అన్న మాటలోనే చురుక్కుమనడం కూడా ఉంది. చురుకైన పిల్లవాడైనా, చురుకైన మందైనా అదుపులో పెట్టకపోతే చురక అంటిస్తారని మనవాళ్లకి ముందే తెలిసినట్టుంది.

మా ఆడపడుచు కూతురు ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం. కిందటి వేసవి సెలవుల్లో మా ఇంట్లో పదిహేను రోజులుంది. దాని సంచీలోంచి బట్టల కంటే ముందు సీసాలు దిగాయి. పొద్దున్నే సాలిసిలిక్ ఫేస్‌వాష్, దాని మీద విటమిన్ సి. రాత్రి మళ్లీ అదే ఫేస్‌వాష్, తర్వాత గ్లైకోలిక్ టోనర్, అది ఆరాక రెటినాల్. వారానికోసారి ఎర్రటి పీల్ ఒకటి, ముఖానికి నెత్తురు పూసుకున్నట్టుండేది, మా అత్తగారు చూసి హడలిపోయారు. ముఖం మెరుస్తోంది, నిజమే, కానీ అది నూనె రాసిన అప్పడం మెరుపు. బిగుసుకుపోయి, సన్నగా పగిలినట్టు. మంచినీళ్లతో కడుక్కున్నా "ఇస్స్" అంటోంది.

"మండుతోందా?" అని అడిగాను.

"మండుతోందంటే లోపలికి వెళ్తోందన్నమాట అత్తా!"

"లోపలికి వెళ్లడం కాదే, గోడ కూలింది" అన్నాను.

గోడ అని ఊరికే అనలేదు. చర్మం పై పొర అచ్చంగా ఇటుకల గోడలాంటిదే. ఇటుకలు మృతకణాలు. వాటి మధ్య సిమెంటు సెరమైడ్లు, కొలెస్ట్రాలు, కొవ్వు ఆమ్లాలు. లోపలి తడి బయటికి పోకుండా, బయటి చెత్త లోపలికి రాకుండా కాపలా కాసేది ఆ గోడే. గ్లైకోలిక్ లాంటి యాసిడ్లు పై ఇటుకల పట్టు వదులు చేసి రాలగొడతాయి. రెటినాల్ కింద నుంచి కొత్త ఇటుకలు త్వరత్వరగా తయారు చేయిస్తుంది. ఒక్కోటీ విడిగా, సరిపడా వాడితే మంచిదే. అన్నీ ఒకేసారి వాడితే పైనుంచి ఒకరు కూలగొడుతూ, కిందనుంచి ఒకరు తోస్తూ, మధ్యలో ఫేస్‌వాష్ సిమెంటు కడిగేస్తూ ఉంటే ఇంక గోడేం మిగులుతుంది? మాయిశ్చరైజర్ రాసుకున్నా మండడం మొదలైందంటే గోడ పోయిందని తెలుసుకోవాలి. అప్పుడు దాన్ని బాగు చేసే సీరం ఏదని వెతక్కూడదు. అన్నీ ఆపెయ్యాలి.

దాని చేత అదే చేయించాను, అలిగినా సరే. నురగ ఎక్కువ రాని మామూలు ఫేస్‌వాష్, వాసన లేని చిక్కటి మాయిశ్చరైజర్, పగలు సన్‌స్క్రీన్. అంతే. మూడో వారానికి మంట తగ్గింది. బుగ్గల మీద పడిన నల్లమచ్చలు మాత్రం దీపావళికి ఫోటోల్లో కూడా కనపడ్డాయి. మొదట అది పోగొట్టుకోవాలనుకున్నవి నాలుగే నాలుగు మొటిమల మచ్చలు.

ఈ పిల్లల్ని అనడం కూడా న్యాయం కాదు. మార్కుల చదువులు చదివించి, తొంభై ఐదొస్తే మిగతా ఐదూ ఏవీ అని అడిగి పెంచాం. సీసా మీద పెద్ద అంకెల్లో పది శాతం, ముప్ఫై శాతం అని ఉంటే ఎక్కువ శాతం ఉన్నదే తెలివైనదనుకుంటారు. కానీ ఇవి మార్కులు కావు, కూరలో ఉప్పు. మొటిమలకి వాడే బెంజాయిల్ పెరాక్సైడ్ ఉంది. రెండున్నర శాతందీ, పది శాతందీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఎర్రటి మొటిమల్ని తగ్గించడంలో రెండూ ఇంచుమించు సమానమేనని ఎప్పుడో తేలింది. పదిశాతంది ఎక్కువ చేసేది ఎండబెట్టడం, మండించడం. (దిండు గలీబులూ తువ్వాళ్లూ తెల్లమచ్చలు పడి పాడవడం అదనం. మా ఇంట్లో రెండు మంచి తువ్వాళ్లు దీనికే బలి.) అసలు సిసలు విటమిన్ సి, అదే ఆస్కార్బిక్ యాసిడ్, ఇరవై శాతం దాటితే చర్మం ఇంకా ఎక్కువ పీల్చుకోదు. నియాసినమైడ్ మీద జరిగిన మంచి పరీక్షల్లో ఎక్కువ భాగం రెండు నుంచి ఐదు శాతంతోనే జరిగాయి, అంగట్లో మాత్రం పదికి తక్కువ దొరకడం కష్టం. ఐదు శాతంతో ఏ బాధా లేని వాళ్లకి పదితో ముఖం ఎర్రబడటం నేను చూశాను.

యాసిడ్ల సంగతి ఇంకో రకం. గ్లైకోలిక్ చెరకులో ఉండేది, లాక్టిక్ పుల్లటి పెరుగులో ఉండేది, మాండెలిక్ చేదు బాదంలోంచి వచ్చింది. పేర్లు వింటే అన్నీ వంటింటి సరుకులే అనిపిస్తాయి. కానీ గ్లైకోలిక్ అణువు వీటన్నిటిలోకీ చిన్నది, అందుకే గబుక్కున లోపలికి దూరుతుంది, అందుకే ఎక్కువ చురుక్కుమంటుంది. మాండెలిక్ కాస్త పెద్దది, నింపాదిగా వెళుతుంది. మొదటిసారి యాసిడ్ వాడాలనుకునే మన వాళ్లు మాండెలిక్‌తోనో లాక్టిక్‌తోనో వారానికి ఒకటి రెండు రాత్రులు మొదలుపెట్టడం మేలు. ఇంట్లో వాడుకునే వాటికి పది శాతం లోపు, పీహెచ్ మూడున్నరకి తగ్గకుండా ఉండాలని అమెరికాలో సౌందర్య సాధనాల భద్రతని పరిశీలించే నిపుణులు 1997లోనే చెప్పారు. ముప్ఫై శాతం పీల్ అంటే అది డాక్టరు ఎదురుగా కూచుని, గడియారం చూస్తూ చేయించుకోవాల్సిన పని. ఇంట్లో కుక్కర్ మూడో కూత కోసం చూస్తూ వేసుకునేది కాదు.

"అయితే నిమ్మకాయ వాడుకుంటాం, సహజం కదా" అంటారు మనలో చాలామంది. సహజమే. జిల్లేడు పాలు కూడా సహజమే. నిమ్మరసం పీహెచ్ రెండు చిల్లర, మన చర్మానిది ఐదు దగ్గర. శాతం ఎంతో, ఎంతసేపుంచాలో ఏ కాయ మీదా రాసి ఉండదు. పైగా నిమ్మ జాతి రసం అంటిన చోట ఎండ తగిలితే కాలినట్టు బొబ్బలెక్కి నల్లబడటం వైద్యులకి బాగా తెలిసిన సంగతే. మొటిమ మీద టూత్‌పేస్టు, ముఖానికి వంటసోడా కూడా ఆ కోవలోవే. శనగపిండీ పెరుగూ జోలికి నేను పోను, అవి పాపం ఎవరినీ పెద్దగా ఏమీ చెయ్యవు, గట్టిగా రుద్దనంతవరకూ.

ఇంతకీ ఎలా వాడాలంటారా? రెటినాల్‌నే తీసుకుందాం, అందరికీ ఆశ ఉన్నదీ, ఎక్కువమంది ముఖం పాడుచేసుకునేదీ దానితోనే కాబట్టి. ఇది విటమిన్ ఏ కుటుంబానిది. చర్మంలోకి వెళ్లాక రెండు మెట్లు మారి రెటినాయిక్ యాసిడ్ అవుతుంది, పనిచేసేది అదీ. డాక్టర్లు రాసే ట్రెటినాయిన్ అంటే ఆ యాసిడే నేరుగా, అందుకే దాని దెబ్బ ఎక్కువ. నలభైల్లోకి వచ్చాక ముడతలకీ, గరుకుదనానికీ, పాత మచ్చలకీ నిజంగా పనిచేసే వాటిలో ఈ కుటుంబానిది ముందు వరస. అందుకని భయపడి వదిలెయ్యమనను. మర్యాదగా పిలవమంటాను.

కొన్న రోజు రాత్రే ముఖమంతా పులిమెయ్యకుండా దవడ కిందో మోచేతి మడతలోనో రూపాయి బిళ్లంత చోట వారం పదిరోజులు రాసి చూడాలి. ఈ ఒక్క పని చెబితే అందరూ నవ్వుతారు. కొత్త చీర ఉతికేటప్పుడు రంగు వెలుస్తుందేమోనని కొంగు చివర తడిపి చూసుకుంటాం. పదివేల చీరకున్న భాగ్యం ముఖానికి లేదా? ఏమీ కాకపోతే వారానికి రెండే రాత్రులు మొదలుపెట్టాలి. ముఖం కడుక్కుని పూర్తిగా ఆరనివ్వాలి, తడి మీద రాస్తే ఎక్కువ మండుతుంది. మొత్తం ముఖానికి బఠాణీ గింజంత. ఒక్కటే గింజ, చెంపకొకటి కాదు. ముక్కు పక్కల మడతలు, పెదవుల చివర్లు, కళ్ల కొసలు ముందుగా కొంచెం వాజిలీన్ రాసి కాపాడుకోవాలి, మొదట మండేదీ పొట్టు లేచేదీ అక్కడే. చర్మం మరీ సున్నితమైతే ముందు మాయిశ్చరైజర్, దాని మీద రెటినాల్, పైన మళ్లీ మాయిశ్చరైజర్. అలా వాడితే పనితనం కొంచెం తగ్గవచ్చు, తగ్గనివ్వండి. నెలరోజులు ఏ గొడవా లేకపోతే మూడు రాత్రులు చేసుకోవచ్చు. రోజూ వాడి తీరాలని ఎక్కడా లేదు. యాసిడ్ కూడా కావాలనుకుంటే వేరే రాత్రి. రెండూ ఒకే రోజు మొదలుపెట్టకూడదు. తేడా వస్తే దేని వల్లో తెలియక రెంటినీ అనుమానించాల్సి వస్తుంది, కొత్తగా పనికి కుదిరిన ఇద్దరిలో ఎవరో తెలియనట్టు.

ఫలితానికి మూడు నెలలు. నెల తిరక్కుండానే "ఏం తేడా లేదండీ" అని ఇంకోటి కొనేవాళ్లని చూస్తే నాకు జాలి. పాతికేళ్ల వయసులో పై పొర పూర్తిగా మారడానికి నెల పడితే, మన వయసులో అంతకంటే ఎక్కువే పడుతుంది. ఆవకాయ పెట్టిన మూడోనాడు జాడీ మూత తీసి ముక్క ఊరలేదంటే ఎట్లా?

అయితే మన ఇళ్లల్లో ముఖం మీద జరిగేవి ఇవొక్కటే కాదు కదా. థ్రెడింగ్, పై పెదవికి వాక్సింగ్, ఫేషియల్, పండక్కి సున్నిపిండి. రెటినాల్ వాడుతున్న చర్మం మీద వాక్స్ పట్టీ లాగితే వెంట్రుకతోపాటు తోలూ వస్తుంది. అతిశయోక్తి కాదు. వాక్సింగ్‌కి కనీసం వారం ముందు ఆపెయ్యాలి, తర్వాత మళ్లీ నిమ్మళించాకే మొదలుపెట్టాలి. పార్లర్ అమ్మాయికి ముందే చెప్పాలి కూడా, ఆమె అడగదు. యాసిడ్ రాసిన మర్నాడు సున్నిపిండితో రుద్దడం, బ్లీచ్ వేయించడం అంటే పుండు మీద కారమే. పెళ్లిళ్ల రోజుల్లో ఇది మరీ ముఖ్యం. "పెళ్లికి ఇరవై రోజులే ఉంది వదినా, గబగబా ఏదైనా చెప్పు" అని ఫోన్లు వస్తాయి. ఇరవై రోజుల్లో చెయ్యగలిగింది కొత్తవేవీ మొదలుపెట్టకపోవడమే అని చెబుతాను. వాళ్లకి నచ్చదు.

ఇక సన్‌స్క్రీన్. "నేనింట్లోనే ఉంటాగా" అనే మాట విననిదెప్పుడు! ఇంట్లోనే ఉంటాం. పొద్దున్న పిల్లల్ని బండి మీద బడి దగ్గర దింపుతాం, పదింటికి మేడ మీద బట్టలారేస్తాం, వేసవైతే వడియాలు పెట్టి కాకుల్ని తోలుతూ అక్కడే కూచుంటాం. కిటికీ అద్దంలోంచి కూడా నలుపెక్కించే కిరణాలు వస్తాయి. రెటినాల్, యాసిడ్ వాడుతూ సన్‌స్క్రీన్ రాసుకోకపోవడం కంటే ఆ రెండూ వాడకపోవడం మంచిది. ఇందులో నేను మొహమాటం లేకుండా ఉంటాను. గ్లైకోలిక్ లాంటి వాటి సీసాల మీద, వాడినన్నాళ్లూ, ఆపాక ఇంకో వారం కూడా ఎండ నుంచి కాపాడుకొమ్మని హెచ్చరిక రాయమని అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2005లోనే తయారీదారులకి సూచించింది. అక్కడి ఎండకే అంతయితే మన బెజవాడ, రామగుండం ఎండల మాటేమిటి? ఎస్పీఎఫ్ 30 అయినా చాలు, కానీ చూపుడువేలూ మధ్యవేలూ పొడుగునా రెండు గీతలు పిండి, అదంతా ముఖానికీ మెడకీ రాయాలి. బొట్టు పెట్టుకున్నట్టు చుక్కలు పెట్టుకుంటే సీసా మీదున్న ఎస్పీఎఫ్ మన ముఖం మీద ఉండదు. సీరం కొనడానికి డబ్బులుండి సన్‌స్క్రీన్‌కి లేకపోతే, ముందు కొనాల్సింది సన్‌స్క్రీనే.

మంగు ఉన్నవాళ్లకి ఇంకో మాట. మంగుని మామూలు వెలుతురు కూడా పెంచుతుంది, అందుకని కొంచెం రంగు కలిసిన సన్‌స్క్రీన్ వాడమంటారు. అందులో ఉండే ఐరన్ ఆక్సైడ్ ఆ వెలుతురుని అడ్డుకుంటుంది. పొయ్యి సెగకి ఎక్కువవుతుందని చాలామంది ఆడవాళ్లే చెబుతారు, వైద్యులూ వేడికి దూరంగా ఉండమనే అంటారు. పొయ్యికి దూరంగా ఎలా ఉండాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసుకోవడం, వేపుళ్లు వేగుతుంటే మీద వాలి నిలబడకపోవడం, ఇంట్లో ఇంకొకరి చేత కూడా గరిటె పట్టించడం, నాకు తోచినవి ఇవే.

మంగు గురించి ఎత్తాను కాబట్టి అసలు భయం ఇక్కడ చెప్పాలి. పిల్లల సీసాల వల్ల పోయేది కొన్ని నెలలు. మెడికల్ షాపు ట్యూబు వల్ల పోయేది ఏళ్లు.

మా వీధిలో ఒకావిడకి రెండో కాన్పు తర్వాత మంగు వచ్చింది. మందుల షాపులో అడిగితే చీటీ గీటీ లేకుండా ఒక ట్యూబు ఇచ్చారు. వారంలో ముఖం తేటబడింది. ఒక్క చుక్క మంట లేదు. అంత బాగా పనిచేస్తే ఎవరైనా ఎందుకు ఆపుతారు? మూడేళ్లు రాసింది. చెల్లెలికీ ఒకటి కొనిచ్చింది. ఆ తర్వాత ఎండలోకొస్తే ముఖం కందిపోవడం, బుగ్గల మీద ఎర్రటి సన్నని నరాలు, గడ్డం మీద నూగు, సన్నసన్నటి పొక్కులు. ఆపితే రెండో రోజుకి నిప్పులు పోసినట్టు మంట, రాస్తే తగ్గుతుంది. "వదినగారూ, ఇది రాయకపోతే బతకలేకపోతున్నానండీ" అని ఏడ్చింది. ఇద్దరం కలిసి చర్మ వైద్యురాలి దగ్గరికి వెళ్లాం. ఆవిడ ట్యూబు చూడకుండానే, ముఖం చూసి దాని పేరు చెప్పేసింది.

ఆ ట్యూబులో ఉండేవి మూడు. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, ఒక స్టిరాయిడ్. ఆ మూడింటినీ కలిపే పద్ధతి 1975లో ఆల్బర్ట్ క్లిగ్‌మన్ అనే అమెరికన్ చర్మవైద్యుడు, తన సహచరుడితో కలిసి చెప్పినది. మొదటి రెండూ రంగు తగ్గిస్తాయి, కానీ మండిస్తాయి. ఆ మంట తెలియకుండా అణిచేది స్టిరాయిడ్. డాక్టరు కనిపెట్టి చూస్తూ కొన్ని వారాలు వాడి ఆపించాల్సిన మందు అది. ఏళ్లతరబడి రాస్తే స్టిరాయిడ్ చర్మాన్ని పల్చన చేసేస్తుంది. మన దేశంలో ఇది ఎంత ఎక్కువైందంటే, ఇలా పాడైన ముఖానికి మన చర్మవైద్యులే ఇంగ్లీషులో 'టాపికల్ స్టిరాయిడ్ డ్యామేజ్డ్ ఫేస్' అని ఒక పేరు పెట్టుకోవాల్సి వచ్చింది. 2018లో కేంద్రప్రభుత్వం చాలా స్టిరాయిడ్ క్రీముల్ని చీటీ లేనిదే అమ్మకూడదన్న షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. అయినా మా వీధి చివర అడిగితే ఇచ్చారు.

అంచేత నా మొదటి మాటకే ఇది రెండో వైపు. మండితే పనిచేస్తున్నట్టు కాదు, మండకపోతే మంచిదనీ కాదు. ట్యూబు మీద చిన్న అక్షరాల్లో మోమెటాసోన్, బీటామెథాసోన్, క్లోబెటాసాల్, ఫ్లూసినోలోన్ అని ఎక్కడున్నా అది స్టిరాయిడ్. అలాంటిది ఏళ్లుగా రాస్తున్నవాళ్లు మాత్రం ఇది చదివి ఈ రాత్రే విసిరెయ్యకండి. ఎలా తగ్గించుకుంటూ ఆపాలో డాక్టరే చెప్పాలి. మా వీధావిడకి అలా ఆపడానికే చాలా నెలలు పట్టింది, మధ్యలో రెండుసార్లు మళ్లీ ట్యూబు కొనబోయి నాకు ఫోన్ చేసింది. మంగు తిరిగొచ్చింది కూడా. అయినా "మంగే నయమండీ" అంటుంది ఇప్పుడు.

అసలు పేరే లేని డబ్బాలు ఇంకా ప్రమాదం. 2023లో కేరళలో, మలప్పురం జిల్లాలో, తెలుపు చేస్తాయని వాడిన క్రీముల వల్ల కొందరికి మూత్రపిండాల జబ్బు వచ్చిందని వైద్యులు గుర్తించారు. వాటిల్లో పాదరసం ఉంది. ఎవరు తయారుచేశారో, ఏమేం కలిపారో రాయని డబ్బా ఎవరు గల్ఫు నుంచి ప్రేమగా తెచ్చిచ్చినా సరే, చెత్తబుట్టలో కూడా కాదు, పిల్లలకి అందనంత దూరం పారెయ్యాలి.

ఇదంతా ఎందుకోసం అని ఎప్పుడైనా అనిపిస్తుంది. 1975లో మన దేశంలోకి వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో పేరు మార్చుకుని గ్లో అండ్ లవ్లీ అయింది. తెలుపు అన్న మాట అట్ట మీద నుంచి పోయింది, పెళ్లిచూపుల్లోంచి పోలేదు. ఆడపడుచు కూతురి బుగ్గ మీద నాలుగు మచ్చల గురించి దానికంటే ముందు దిగులు పడింది వాళ్ల నాయనమ్మ, "సంబంధాలొచ్చే వయసు" అని. పిల్ల తొందరంతా అక్కణ్నుంచి వచ్చిందే. అలా తొందరపెట్టే నోళ్లు మూయించలేకపోయినా, కనీసం మన ఇంట్లో మన నోటితో "ముఖమేంటే అలా అయింది" అని పిల్ల గుమ్మంలోకి రాగానే అనకుండా ఉండొచ్చు. అది ఏ సీరం కంటే తక్కువ ఖర్చు.

మరో ముఖ్యమైన సంగతి, ముందే చెప్పాల్సింది. పిల్లల కోసం చూస్తున్నవాళ్లు, గర్భంతో ఉన్నవాళ్లు రెటినాల్, ట్రెటినాయిన్, అడాపలీన్ ఏవీ వాడకూడదు. కొత్తగా పెళ్లైన అమ్మాయిలు మొహమాటపడి డాక్టరుకి చెప్పరు, అమ్మలూ అత్తలూ అడగరు. అలాంటప్పుడు మొటిమలకీ మచ్చలకీ అజెలాయిక్ యాసిడ్ వాడుకోవచ్చు, ఆ సమయంలో డాక్టర్లు సాధారణంగా రాసేది అదే. మొదట్లో కాస్త దురద పెడుతుంది, తగ్గిపోతుంది. తగ్గకపోతే మానెయ్యాలి.

విటమిన్ సి సీసా మాత్రం మన ఏప్రిల్, మే వేడికి బాత్రూమ్ అరలో పెట్టకండి. లేత పసుపు నుంచి ముదురు గోధుమరంగుకి తిరిగిందంటే గాలి తగిలి చెడిపోయినట్టే. ఐదారొందలు పోశామని అదే రాసుకునేవాళ్లున్నారు. మా ఫ్రిజ్ తలుపు అరలో నిమ్మకాయల పక్కన ఉంటుంది అది, మూత తీసిన తేదీ పెన్నుతో రాసి. మావారు ఒకసారి హోమియో మందనుకున్నారు.